మందలో రోగము, రైతు మౌనము

పశువుల అంటువ్యాధుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా క్రిమిని కనుగొన్న శాస్త్రజ్ఞునితోనో, టీకాను సిద్ధపరచిన ప్రయోగశాలతోనో, చట్టము చేసిన ప్రభుత్వముతోనో తమ కథను ప్రారంభింతురు. అయితే ఏ వ్యాధినైనను వీరందరికంటె ముందుగా చూచువారు వేరొకరు కలరు. తెల్లవారుజామున కుడితి బాల్చి చేతబట్టుకొని పాకలోనికి పోయి, నిన్నటిదాక అలికిడికే లేచి నిలిచిన గేదె నేడు చెవులు వాల్చి, నెమరు మాని, మేతవంక చూడక పడియుండుటను గమనించు రైతు, పెక్కు ఇండ్లలో రైతుయింటి ఇల్లాలు, ఆ వ్యాధికి ప్రథమసాక్షి. ఆమె కంటబడిన క్షణమునకును, పశువైద్యుని చెవిని ఆ మాట పడిన క్షణమునకును నడుమ గడచు కాలము ఒక పూట కావచ్చును, ఒక వారము కావచ్చును, ఒక నెలయు కావచ్చును. వ్యాధి ఊరిలో ఆగునా, జిల్లా దాటునా యనునది చాలవరకు ఆ నడిమి కాలముననే తేలిపోవును.

గాలికుంటును తీసికొందము. సోకిన రెండుదినములు మొదలు రెండువారముల లోపల పశువునకు నోటను, గిట్టల నడుమను బొబ్బలు లేచును. కాని బొబ్బలు కంటికి స్పష్టముగ అగపడకముందే లాలాజలమునందును పాలయందును వైరసు వెలువడవచ్చును. ఇట్టి వ్యాధి వారమునకొకమారు రెట్టింపగునని యనుకొందము: ఈ వారము ఒక దొడ్డి, వచ్చు వారము రెండు, ఆపై నాలుగు, మొదటిమాట ఐదు వారములు ఆలస్యమగుసరికి 32 దొడ్లు. మొదటివారమున ఒక డాక్టరును, ఒక సహాయకుడును, ఒక ఐసుపెట్టె టీకాలును చాలియుండెడివి; ఐదవవారమున జిల్లా యంత్రాంగమంతయు కదలినను చాలదు.

అందువలననే ప్రభుత్వములు రైతును వెంటనే తెలుపుమని అడుగుచుండును. తెలుపనివాడు అజ్ఞానియనియు, బాధ్యత యెరుగనివాడనియు నిందించుటయు తరచుగా వినవచ్చును. ఆ నిందను నేను అంగీకరింపజాలను. రైతు మౌనము వెనుక ఒక లెక్క కలదు. అందలి అంకెలలో పెక్కింటిని వ్రాసినవారము, అతని మాటను అందుకొనవలసిన మనమే.

ఆ లెక్క సందేహముతో మొదలగును. గొర్రెలకును మేకలకును వచ్చు పారుడు రోగమును, అనగా పశువైద్యులు పీపీఆర్ అను వ్యాధిని, మన దేశమున మొదట గుర్తించినది 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామమున. ఆ పిదప అది తెలుగునేలకును ప్రాకినది. సోకిన నాలుగారు దినములకు జ్వరము వచ్చును. జీవము మందకు వెనుకబడును. కన్నులును ముక్కును నీరుకారును. ఇంతమాత్రమే చూచినచో, రాత్రియంతయు వానలో తడిసిన గొర్రెకును దీనికిని భేదము తెలియదు. మరి రెండు మూడు దినములకు చీమిడి చిక్కబడి, చిగుళ్లమీదను నాలుకమీదను పుండ్లు ఏర్పడి, నోట దుర్వాసన పుట్టి, పారుడు పట్టుకొనును. అప్పటికి మందలో పెక్కు జీవాలు దగ్గుచుండును. కాపరి తన పూర్వానుభవమును బట్టియే తొలిదినములను అర్థము చేసికొనును. తొలకరి జల్లుల తరువాత జీవాలు చీదుట అతడు ప్రతి సంవత్సరమును చూచినదే. లేతగడ్డి కడుపునిండ తిన్న గొర్రె చిటుకరోగమున చటుక్కున పడిపోవుటయు చూచినదే. జలుబు చేసిన జీవాలు పసరుమందుతోనో, ఏ మందును లేకయో తేరుకొనుటయు చూచినదే. అట్టివానిని మొదటి దినముననే అంటురోగమని కేకవేయుమనుట, అంతవరకు జీవితము నేర్పినదానిని మరచిపొమ్మనుటయే యగును. శిక్షణపొందిన వైద్యుడు సైతము పరీక్ష లేనిదే తేల్చి చెప్పజాలని దశలో కాపరి తేల్చుకొనలేదని తప్పుపట్టుట న్యాయము కాదు.

సందేహము తీరి, ఇది చెడ్డరోగమేయని మనసున నిశ్చయము కలిగిన పిమ్మటను నోరు మెదపకుండుటకు బలమైన కారణములు కలవు. 2019 నాటి పశుగణన ప్రకారము గొర్రెల సంఖ్యలో దేశమున తెలంగాణ ప్రథమము, ఆంధ్రప్రదేశము ద్వితీయము, అచ్చట 1.91 కోట్లు, ఇచ్చట 1.76 కోట్లు. ఇందు పెక్కు మందలు ఒక్కచోట నిలిచి మేయునవి కావు. పాలమూరు ప్రాంతపు కాపరులు ఊరిచుట్టుపట్ల మేత తరిగినంతనే మందలను తోలుకొని, నల్లమల వైపునకును, కృష్ణ దిగువ మాగాణులకును నెలల తరబడి వలసపోవుదురు. కోతలైన పొలములలో పగలు జీవాలు మేయును. రాత్రులు ఒక్కొక్క రైతు తన పొలమున మందను పెట్టించుకొనును. ఆ పెంటికలును మూత్రమును నేలకు బలము. అందులకు ప్రతిఫలముగా రైతు ధాన్యమో రొక్కమో ఇచ్చును. పొరుగూళ్ల దారులలో కాపరి కుటుంబమునకు జరుగుబాటు దానితోనే.

ఇప్పుడు ఆ మందలో నాలుగు జీవాలు ముక్కులు కార్చుచు వెనుకబడినవి. కాపరి పశువైద్యశాలకు పోయిన డాక్టరు వచ్చును. డాక్టరు వచ్చిన ఊరివారు చూతురు. సాయంత్రమునకు రచ్చబండ దగ్గర మాట పుట్టును. మరునాటి రాత్రికి మంద పెట్టించుకొందునన్న రైతు గట్టుమీదికి వచ్చి, "ఏమనుకోకు మామా, మా ఇంట్లోనూ మేకలున్నాయి, ఈసారికి నీ జీవాల్ని ఇటు తోలొద్దు" అనును. చెరువున నీరు త్రాగనీయరు. ముందరి ఊరికి మంద చేరకమునుపే వార్త చేరును. వెనుకకు మరలుదమన్న దారిపొడవునను అదే మాట వినవలెను. మందలో కొన్ని తనవి, కొన్ని బావమరదివి, కొన్ని ఊరి ఆసామి పాలికి ఇచ్చినవి. అందరికిని లెక్క చెప్పవలెను. ఇంత భారమును తలకెత్తుకొని డాక్టరు వద్దకు పోయిన అతనికి దొరకునది యేమి? వైరసువలన వచ్చు ఈ వ్యాధికి సూటియైన మందు లేదు; టీకా రోగము రాకముందు వేయవలసినది. ఇతర సూక్ష్మజీవులు తోడుచేరకుండ డాక్టరు ఇంజెక్షను వేసి, రోగపు జీవాలను వేరుగ నుంచుమని చెప్పి పోవును. తలదాచుకొనుటకు తనకే గూడు లేనివాడు, పరాయి పొలములో, జబ్బుపడిన జీవాలను ఎచ్చట వేరుగ నుంచగలడు? మాట పైకి చెప్పుటవలన కలుగు మేలు నిజమైనది, గొప్పది. కాని అది పక్కమందలకును, ముందరి ఊళ్లకును చేరు మేలు. కీడు మాత్రము పూర్తిగ అతనిది.

ఈ స్థితిలో అతడు చేయు పని యేదో ఊహింప కష్టము కాదు. రోగము పైకి తేలకముందే నిలుకడగ నున్న జీవాలను అయినకాడికి అమ్మివేయును. మారుబేరగాడు వచ్చి, కనురెప్ప ఎత్తి చూచి, పళ్లు చూచి, సంగతి కనిపెట్టి, సగము ధరకు బేరము కుదుర్చును. ఆ జీవాలు మరునాడు సంతలో వేరొక తాలూకా జీవాలతో ఒరసికొని నిలుచును. సాయంత్రమునకు అవియు, వాటి పక్కన నిలిచినవియు నాలుగు దిక్కులకు లారీలు ఎక్కును. నా దృష్టిలో మౌనముకంటె, ఆ మౌనము చాటున జరుగు ఈ అమ్మకమే ఎక్కువ అపాయకరము.

చట్టము లేకపోలేదు. 2009లో పార్లమెంటు చేసిన జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము, తన పశువునకు షెడ్యూలులోని వ్యాధి సోకినదని నమ్ముటకు కారణమున్న యజమాని ఆ సంగతిని గ్రామాధికారికిగాని పంచాయతికిగాని తెలుపవలెనని విధించినది. ఉల్లంఘించినవారికి జరిమానా నిర్ణయించినది. అయితే ఆ జరిమానా ఎన్నడో, ఎవరికో పడునది. పొలమున మంద పెట్టనీయని రైతు ముఖము కాపరికి ఈ రాత్రియే ఎదురగునది.

కోళ్ల విషయమున ఈ భారము ఒక్క కుటుంబముతో ఆగదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలములోని వేల్పూరునను, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలములోని కానూరు అగ్రహారమునను కోళ్లఫారములలో బర్డ్ ఫ్లూ కలదని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించినది. ఫారముచుట్టు ఒక కిలోమీటరు వ్యాధిమండలముగను, పది కిలోమీటర్లు నిఘామండలముగను ప్రకటితమయ్యెను. మిగిలిన కోళ్లను చంపి పాతిపెట్టిరి. తెలంగాణ సరిహద్దులలో కోళ్ల లారీలను నిలిపివేసిరి. రెండు రాష్ట్రములలోను కోడిమాంసపు దుకాణములు వెలవెలబోయినవి. రోగము పేరుతోబాటు ఊరి పేరును పత్రికలలోను టెలివిజనులోను మారుమ్రోగినది. కోడి ఒక్కటియు చావని పొరుగు ఫారములవారు సైతము ఆ పేరు మోసిరి. మరియొక పర్యాయము షెడ్డులో కోళ్లు రాలుట చూచిన రైతు మనసున ఈ జ్ఞాపకము మెదలక మానదు. కొక్కెర తెగులేమో, నీటిలో దోషమేమో యని తనకు తాను సర్దిచెప్పుకొనును. పొరుగువారును అట్లే చెప్పుకొమ్మని కోరుదురు. పరిహారము అధికారులు చంపించిన కోళ్లకే లభించును, అంతకుముందు చచ్చినవాటికి లభింపదు. త్వరగ చెప్పువానికి మేలు కలుగవలెనను ఉద్దేశముతో ఏర్పడిన నియమమిది, ఉద్దేశము మంచిదే. కాని నమూనా భోపాల్ చేరి, ఫలితము వెలువడులోపల షెడ్డులో రోగము ఆగి కూర్చుండదు. పైగా షెడ్డు నెలల తరబడి ఖాళీగ నున్నప్పుడు బ్యాంకు వాయిదాకును, కూలీల బత్తెమునకును ఆ పరిహారములో చోటు లేదు.

దొమ్మరోగమున అడ్డు మరియొక తీరుది. దానితో చచ్చిన పశువు ముక్కునుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారును. కళేబరమును కోయరాదు, తోలు ఒలువరాదు. గాలి తగిలిన క్రిమి సిద్ధబీజములుగ మారి దశాబ్దములపాటు నేలలో నిలిచియుండును గనుక లోతుగ గుంటత్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెను. విశాఖ మన్యమున ఇట్టి మాంసమును కోసినవారికిని, ముట్టుకొన్నవారికిని చర్మముపై నల్లని పుండ్లు లేచుట పలుమార్లు నమోదైనది. మాంసము అరుదుగ దొరకు ఇంట, పశువు పోయినను ఆ పూటకు కూరయైన దక్కునను ఆశ సహజము. పూడ్చుమను మాట ఆ యింటికి రెండవ నష్టము. అందులకు బదులుగ ఏదియు ఇయ్యలేని అధికారి చెప్పు మాట ఎంత సత్యమైనను అచ్చట చెల్లదు.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. 1714లో లండను శివారైన ఇస్లింగ్టన్‌లోని పాడియావులకు రిండర్‌పెస్టు సోకినది. మన పల్లెలలో పెద్దరోగమని పిలిచినది దానినే. జార్జి రాజు కొలువులో శస్త్రవైద్యుడగు థామస్ బేట్స్ దానిని విచారించుటకు నియుక్తుడయ్యెను. వైరసను భావనయే లేని కాలమది. వ్యాధికి కారణము గాలియో, మేతయో, దైవకోపమో యని పండితులు వాదించుకొనుచుండిరి. బేట్స్ ఆ వాదములు తేలువరకు ఆగలేదు. రోగపుటావులను చంపి కాల్చవలెననియు, చేతికి ఏమియు రాదని తెలిసిన పాడివాడు రోగపుటావును ఎన్నడును చూపడనియు అతడు గ్రహించెను. ఆవునకు 40 షిల్లింగుల చొప్పున ఇచ్చు ఏర్పాటు జరిగినది. కొలది నెలలలో అచ్చట రోగము అణగిపోయినది. క్రిమిశాస్త్రము పుట్టుటకు నూటయేబది సంవత్సరములు మునుపే ఒక వైద్యుడు మనుష్యుని మనసును ఇంత సూటిగ చదువగలిగెనని తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును.

1865లో అదే రోగము, అదే ఇస్లింగ్టన్‌లోని పశువుల సంత మీదుగ, బ్రిటన్ అంతట ప్రాకినది. బేట్స్ చేసిన పని అప్పటికి మరపున పడినది. ప్రభుత్వము ఇన్‌స్పెక్టర్లకు రోగపు పశువులను చంపించు అధికారమిచ్చినది, పరిహారపు మాట ఎత్తలేదు. ఇట్టి స్థితిలో ఇన్‌స్పెక్టరు రాకముందే పశువును సంతకు తోలుటయే యజమానికి లాభమని వేరుగ చెప్పనక్కరలేదు. 1866 ఫిబ్రవరి నాటికి వారమునకు పదివేలకు మించిన పశువులు రోగమున పడుచుండెను. ఆ నెలలో పార్లమెంటు కొత్త చట్టము చేసి, రోగపు పశువును చంపుట విధిగావించి, వెలలో కొంతభాగమును పరిహారముగ నిర్ణయించి, రాకపోకలను అరికట్టినది. వేసవి గడచుసరికి రోగము తగ్గుముఖము పట్టినది. 1867లో దేశమునుండి తొలగినది. ఇందు రాకపోకల నిషేధపు పాలెంత, పరిహారపు పాలెంత యని విడదీయుట కష్టము. అయినను ఆ నిషేధమునకు జనులు లోబడుటకు పరిహారమే మార్గము సుగమము చేసినదని నా అభిప్రాయము.

అట్లని డబ్బొక్కటే చాలునని తీర్మానించుటయు తొందరపాటు. 2001 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని ఎస్సెక్స్ ప్రాంతపు కబేళాలో పందులకు గాలికుంటు బయటపడినది. ఆరా తీయగా మూలము ఉత్తరమున నార్తంబర్లండులోని ఒక పందుల ఫారమని తేలినది. అచ్చటి పందులకు పుండ్లు లేచి అప్పటికే పెక్కు దినములైనది. ఆ లోపల చుట్టుపట్ల గొర్రెలు సంతలెక్కి దేశమంతట వ్యాపించినవి. వ్యాధిని ఆపుటకు 60 లక్షలకు పైగా పశువులను చంపవలసివచ్చినది. ఆ దేశమున పరిహారము పూర్తి వెలకు లభించును. అయినను ఫారము యజమాని నోరు విప్పలేదు. హోటళ్ల ఎంగిలిని సరిగ ఉడికింపకయే పందులకు పెట్టినాడను నేరమును, వ్యాధిని తెలుపలేదను నేరమును అతనిపై న్యాయస్థానమున రుజువైనవి. ఒక తప్పు కప్పిపుచ్చుటకు రోగమునే కప్పవలసిన స్థితి అది; అట్టి చోట పరిహారము మాట చెవికెక్కదు.

నెదర్లండ్సువారు ఈ సంగతిని శ్రద్ధతో పరిశోధించిరి. 1997లో అచ్చట పందుల జ్వరము బయటపడునప్పటికే వైరసు కొన్ని వారములుగ తిరుగుచుండెను. నాలుగువందలకు పైగా ఫారములు వ్యాధిగ్రస్తములై, కోటి యెత్తున పందులను చంపవలసివచ్చినది. తరువాతి కాలమున లెలిస్టాడ్ పరిశోధకులు రైతులను, పశువైద్యులను కూర్చుండబెట్టి, చెప్పుటకు ఏల వెనుకాడుదురని విచారించినప్పుడు, లక్షణములు పోల్చుకొనలేకపోవుట, సిగ్గు, ఊరివారి మాటల భయము, అధికారులపై నమ్మకము లేమి, చెప్పిన పిమ్మట ఏమి జరుగునో తెలియకుండుట ముఖ్యకారణములుగ తేలినవి. డబ్బుతో తీరనివి ఇందెన్ని కలవో చూడుడు. ఆ దేశము చేపట్టిన ఉపాయములలో ఒకటి నాకు మిక్కిలి వివేకవంతముగ తోచినది. పెద్దవ్యాధియేయను బలమైన అనుమానము లేక, సామాన్యపు జబ్బువలె కనిపించు సందర్భమున, అది పెద్దవ్యాధి కాదని రూఢిపరచుకొనుటకై వైద్యుడు నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చును; అంతమాత్రమున ఫారమునకు కట్టడి విధింపరు. అనుమానము పలుకుటయే శిక్షను పిలుచుకొనుట కానక్కరలేదని రైతునకు అప్పుడు తెలియును.

మన పల్లెలలో నమ్మకపు ప్రశ్న ఇంకను సున్నితమైనది. వచ్చి నెత్తురు తీసికొనిపోయినారు, ఏమి తేలినదో తిరిగి చెప్పలేదను మాట పశువుల పాకలలో తరచుగ వినబడును. తన గేదె నెత్తుటి ఫలితము తనకు తెలియని ఇల్లాలు మరునాడు ఎవరికి ఫోను చేయును? గొర్రెలకు బొబ్బలు వచ్చిన అమ్మవారు పోసినదని పోచమ్మకు మ్రొక్కు నమ్మకమును అడ్డుగ చూపించువారు కలరు. నేనట్లు తలపను. వేపమండ కట్టిన చేతితోనే కాపరి సూదిమందునకు జీవాన్ని పట్టుకొనును. ఆ నమ్మకమును ఎగతాళి చేసిన వైద్యునికే అతడు తలుపు మూయును.

పెద్దరోగమును భూమిమీదినుండి తుడిచిపెట్టిన కథలో ఈ విషయమై గొప్ప పాఠము కలదు. మన దేశమున కడపటిసారి అది 1995లో కనబడినది. 2006లో భారతదేశమును, 2011లో ప్రపంచమంతయును దానినుండి విముక్తమైనట్లు ప్రకటించిరి. తూర్పు ఆఫ్రికా పశుపాలకుల నడుమ ఆ కడపటి జాడలు వెదకినవారు వ్యాధిని తెలుపుమని ఆజ్ఞాపించుచు పోలేదు. చెట్టునీడను వారితో కూర్చుండి, మీ పశువులకు ఏయే రోగములు వచ్చును, వాటిని మీరేమందురు, కడపట ఎప్పుడు చూచితిరి అని అడిగి, వారి పేర్లతోనే పటములు గీసికొనిరి. ఎండకు చెడని టీకాను ఆ పశుపాలకులలోని వారికే నేర్పి, వారిచేతనే వేయించిరి. అడుగుటకు వచ్చిన చేతిలో టీకా యుండెను; అందువలన అడిగినదానికి సమాధానము వచ్చినది.

పారుడు రోగమునకు మన భారత పశువైద్య పరిశోధన సంస్థ ముక్తేశ్వరమున రూపొందించిన టీకా ఒక్కమారు వేసిన మూడేండ్లకు తక్కువ కాకుండ రక్షణ నిచ్చును. వలస మందలు బయలుదేరు నెల ఏదో ప్రతి మండలపు పశువైద్యునికిని తెలియును. నట్టలమందు త్రాగించుటకు ఊరూర తిరుగు దినములలోనే టీకాను వేసి, కాపరి చేతికి తేదీతో కార్డు నిచ్చి, ముందరి జిల్లాలోని వైద్యుని ఫోను నంబరు దానిమీద వ్రాసియిచ్చినచో, ఆ కార్డును చూచి మాగాణి రైతు మందను తన పొలమునకు రానిచ్చును. నడిదారిలో జీవము ముక్కు కార్చి కాపరి డాక్టరును పిలిచినను, ఇది టీకా పడిన మందయని చెప్పుటకు అతనికొక ఆధారముండును. పొలము గట్టున నిలిచిన రైతుతో ఆ రాత్రి బేరము చెడకుండ నిలుపుటకు అతనికి కావలసినది ఆ ఆధారమే.